పిచ్చుక కడుపులో ఏమీ లేదు

"మూడేళ్ళు!" బావగారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మూడు వేళ్ళు పైకెత్తి చూపించారు. "ఇంకో మూడేళ్ళు ఇచ్చారు!"

సరిగ్గా అప్పుడే నా చూపుడు వేలూ మా ఆయన బొటనవేలూ అతుక్కుపోయాయి.

తప్పు నాదే. పిచ్చుక తోకకి అగ్గిపుల్లంత నిచ్చెన అంటిస్తున్నాను. వేలి చివర జిగురు చుక్క ఉంది. ఆ మాట వినగానే ఆయన ఎగిరి నా చెయ్యి పట్టుకున్నారు. మామూలు జిగురు కాదది, ఇనుముని ఇనుముకి అంటించేది.

"వదులు," అన్నారాయన నవ్వు ఆపుకుంటూ.

"మీరు వదలండి," అన్నాను. పైన మా గదిలో 'నువ్వు', కింద అందరిముందూ 'మీరు'. ఈ మార్పిడి నాకు భలే ఇష్టం. పెళ్ళయి ఇరవై రెండు రోజులు. ఈ ఇంట్లో దేన్ని చూసినా నాకు నవ్వే. మెట్ల కింద వేలాడే గ్రహాలు, పాత పళ్ళబ్రష్‌తో రంగు చల్లిన ఉల్కలు, సబ్బుపెట్టెలోంచి పుట్టిన చందమామ.

'ఏడో కక్ష్య' ఇంకో మూడేళ్ళు! ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం టీవీలో వస్తున్న అంతరిక్ష సీరియల్. అందులో ఎగిరిన నౌకలన్నీ ఈ కింది హాల్లో, ఈ బల్ల మీద పుట్టినవే. కథ మామయ్యది. నౌకలు ఒకప్పుడు ఆయనవే, ఇప్పుడు మా ఆయనవి. దర్శకత్వం, కథలో మార్పులూ ఐదేళ్ళుగా బావగారివి. మొదటి వారం నుంచీ ఈ వారం దాకా ఉన్న నౌక మాత్రం ఒక్కటే. మూరెడు పొడుగున, బూడిద రంగులో, ముక్కు కాస్త వంకర. పిచ్చుక.

మామయ్య నవ్వలేదు. కుర్చీలోంచి మెల్లగా లేచి, గోడకి తగిలించిన సుత్తి తీశారు.

ఎక్కడైనా మేకు కొడతారేమో అనుకున్నాను.

"అమ్మాయ్," అన్నారు. "మీ బావగారిని అడుగు. షరతులేమిటో."

తండ్రీ కొడుకులకి రెండు వారాలుగా మాటల్లేవు. ఏ మాటైనా నా మీదుగానే వెళ్ళాలి. కొత్త కోడలికి భలే ఉద్యోగం దొరికిందని మొదట్లో సంబరపడ్డాను కూడా.

"బావగారూ, మామయ్య షరతులేమిటని..."

"వినపడింది. మీ మామయ్యకి చెప్పు. రెండే రెండు. మూడేళ్ళపాటు పిచ్చుక మీద గీత కూడా పడకూడదు, దాని బొమ్మలు చేయించి పిల్లలకి అమ్మబోతున్నారు. రెండోది, పోయినవాళ్ళలో ఇంకో ఇద్దరు తిరిగి రావాలి. రేపు పదింటికి ఛానల్ వాళ్ళు సంతకాలకి వస్తున్నారు."

"మామయ్యా, షరతులు..."

"నాకూ వినపడింది."

బల్లకి ఎదురుగా గోడ మీద నల్లరంగుతో మామయ్య చేత్తో రాసిన అక్షరాలున్నాయి. 'చచ్చినవాళ్ళు తిరిగి రారు.' ఈ ఇంటి నియమం అదొక్కటే. కథలో నౌక పేలిపోవాలంటే కెమెరా ముందు దాన్ని నిజంగానే పగలగొట్టాలి. ఒకే టేక్. నకలు ఉండకూడదు, నకలు పోసే అచ్చు ఉండకూడదు. ముక్కలు ఊడ్చి మెట్ల కింద రేకు డబ్బాలో వెయ్యాలి. ఆ డబ్బాలో ఇరవై మూడు నౌకలున్నాయి. అందుకే చిన్నప్పుడు మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. ఈ వారం ఏది పోతుందోనని మాకెంత భయమో, తీసేవాళ్ళకీ అంతే భయం.

ఆ నియమం మీదే ఈ రెండు వారాల గొడవ. ఒకసారి తప్పితే మామయ్య ఊరుకున్నారు, రెండోసారి ఊరుకోలేదు. కథలో పదేళ్ళ క్రితం చచ్చిపోయిన డాక్టరుని బావగారు బతికించి తీసుకొచ్చారు. డాక్టరు వేషం మా తోడికోడలిది. ఆ డాక్టరు చచ్చిపోయిన ఆదివారానికి నాకు పద్నాలుగేళ్ళు, రెండు పూటలు భోజనం మానేసి ఏడ్చాను. మొదటిసారి ఈ ఇంటికొచ్చినప్పుడు తలుపు తీసింది ఆవిడే. నేను కెవ్వుమని అరిచాను.

ఆ అక్క ఇప్పుడు మెట్ల మీద నిలబడి ఉంది. "సుత్తి ఎందుకు మామయ్యా? నన్ను మళ్ళీ చంపడానికా?"

"నీకు కాదమ్మా." మామయ్య సుత్తి కొనతో పిచ్చుకని చూపించారు. "దానికి."

నా వేలు మా ఆయన వేలితోపాటు బిగుసుకుంది.

"మీ మామయ్యకి చెప్పు," అన్నారు బావగారు, గొంతు ఇంకా మామూలుగానే ఉంది. "లక్షలమంది చూస్తున్నారని చెప్పు. వారమంతా పడే భయాలు చాలవా వాళ్ళకి, ఆదివారం కూడా కావాలా? ఉద్యోగాలు పోతున్నాయి, ఇళ్ళు మారుతున్నాయి. పిచ్చుక మాత్రం మారలేదు. దాన్ని చూసుకుందామనే కూచుంటున్నారు."

"గోడ గడియారమూ మారదు," అన్నారు మామయ్య. "దాని ముందు ఎవరైనా కుర్చీ వేసుకుని కూచుంటారా? వాణ్ణి అడుగు."

"కొత్త గ్రహం పెడుతున్నాను కదా! కొత్త శత్రువు, కొత్త రంగులు, ఇంకెన్ని కొత్తలు కావాలట?"

"గీత పడని నౌక ఏ గ్రహానికి వెళితే ఏం? వీధి చివరిదాకా వెళ్ళి వచ్చినట్టే. పోతుందేమోనన్న భయం ఉంటేనే పాత నౌక కూడా కొత్తగా కనపడేదని చెప్పు."

ఇద్దరూ నా మొహమే చూస్తూ అరుస్తున్నారు. మధ్యలో నేను అటూ ఇటూ తల తిప్పుతున్నాను. ఇంకెప్పుడైనా అయితే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

మామయ్య ఉన్నట్టుండి నా దగ్గరికొచ్చారు.

"అమ్మాయ్, నిజం చెప్పు. నువ్వెప్పుడు మానేశావు?"

"ఏంటి మామయ్యా?"

"చూడటం. పదో ఏడు యుద్ధం గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తావు. పోయినేడు కథ అడిగితే టీ పెడతానని లేచిపోతావు. ఇరవై రెండు రోజుల్లో నువ్వు పెట్టిన టీకి నా కడుపు పాడైంది."

మా ఆయన వైపు చూశాను. మొదటిసారి మాట్లాడుకున్న రోజు ఆయనతో చెప్పాను, ఒక్క వారం కూడా వదల్లేదని. ఆ మాటకి ఆయన నవ్విన నవ్వు చూసే నేను పడిపోయాను. ఇప్పుడు ఆయన మొహంలో ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. నేను నోరు తెరిస్తే పోతుంది.

"ఐదేళ్ళ క్రితం," అన్నాను. "కెప్టెన్ సూర్యుడిలో పడి కాలిపోయాడు కదా. తర్వాతి వారం తిరిగొచ్చి తలుపు తట్టాడు. ఆ రోజు."

"ఎందుకు?"

"ముందు వారం నేను ఏడ్చిన ఏడుపు ఎవరూ తిరిగివ్వలేదు మామయ్యా."

నేలచూపులు చూశాను. కెప్టెన్ తలుపు తట్టిన వారమే బావగారు తీసిన మొదటి వారం. అది తెలిసీ అన్నాను.

"ఇంట్లో అడుగుపెట్టి నెల కాలేదు," అన్నారు బావగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చేతిలో ఫోన్ విసిరారు. అది నా చెవి పక్కనుంచి దూసుకుపోయి మెట్ల కింది గాజు గ్రహానికి తగిలింది. చిన్న చిన్న ముక్కలు నా జుట్టులో పడ్డాయి.

"అన్నయ్యా!"

మామయ్య సుత్తి ఎత్తారు. బావగారు ఒక్క అంగలో వచ్చి మణికట్టు పట్టుకున్నారు. మా ఆయన వాళ్ళ మీదకి దూకారు, నా వేలు ఆయన వేలికి ఉందన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం.

చర్మం ఊడిన చప్పుడు నాకు మాత్రమే వినపడిందేమో. కాగితం చించినట్టు, అంతే. ఆ రోజు మొదట కారిన రక్తం నాదే.

తర్వాతిదంతా ముక్కలుగా గుర్తుంది. మామయ్య విదిలించుకున్న మోచెయ్యి బావగారి పళ్ళకి తగిలింది. బావగారు రెండు చేతులా ఆయన్ని తోశారు. డెబ్భై ఏళ్ళ మనిషి, అర మీదకి వెల్లకిలా పడ్డారు. అరతోపాటు ఉల్కలు, రంగు సీసాలు, రంపాలు ఆయన మీద కూలాయి. మా ఆయన అన్నగారి దవడ మీద గుద్దారు. పొద్దున్నే చిట్టి కిటికీలకి ఈకంత కుంచెతో రంగు వేసిన పిడికిలి అది. బావగారు ఆయన జుట్టు పట్టి నుదుటిని బల్ల అంచుకి కొట్టారు. ఒకసారి, రెండోసారి.

"వదలండి! చచ్చిపోతాడు, వదలండి!" అక్క బావగారి వీపు మీద రెండు చేతులా బాదుతోంది. నేను బావగారి మోచెయ్యి కొరికాను. అవును, కొరికాను. పళ్ళ మధ్య చొక్కాగుడ్డ, చెమట, జిగురు వాసన.

ఆయన చెయ్యి వదిలింది.

ఆ సందులో మామయ్య నేల మీంచి లేచారు. చెవి కిందనుంచి ఎర్రరంగో రక్తమో కారుతోంది. ఎవరి వైపూ చూడలేదు. బల్ల దగ్గరికొచ్చి సుత్తి ఎత్తి కొట్టారు.

మొదటి దెబ్బకి వంకర ముక్కు పోయింది. రెండో దెబ్బకి నడుము విరిగింది. మూడోది, నాలుగోది ఎందుకు కొట్టారో ఆయనకే తెలియాలి.

నా నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. చిన్నప్పుడు నోట్‌బుక్కుల అట్టలన్నిటి మీదా గీసుకున్న నౌక.

మామయ్య ఆయాసపడుతూ ఒక ముక్క చేతిలోకి తీసుకున్నారు. తిరగేసి చూశారు. ఇంకోటి తీశారు. వేలితో లోపల తడిమారు.

"గుండీ ఏది?" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఇంజను చక్రానికి నా చొక్కా గుండీ పెట్టాను. వెనక గొట్టం నా పెన్ను మూత. లోపల అడ్డకర్ర మీ అమ్మ దువ్వెన పన్ను." ఆయన ముక్కలన్నీ కెలుకుతున్నారు. గాజుపెంకు గుచ్చుకున్నా ఆపలేదు. "లోపల ఏమీ లేదు. నున్నగా ఉంది. ఇది పిచ్చుక కాదు."

నా కాలి దగ్గర ఒక ముక్క పడి ఉంది. ఎడమవైపు మూడో కిటికీ. అందులో గోరులో సగమంత అమ్మాయి చెయ్యి ఊపుతోంది. ఆకుపచ్చ చీరలో, నేనే. పెళ్ళయిన నాలుగో రోజు ఆయన నా చేతుల్లో పెట్టిన కానుక ఈ పిచ్చుక, మా గదిలో ఉండాల్సింది. "ఇలాంటి నకలు దేశంలో రెండోది లేదు, ఎవరికీ చెప్పకు," అన్నారు. నేను ఆ ముక్క మీద కాలు వేశాను. పెంకు పాదంలో దిగింది. కాలు తియ్యలేదు.

"నేను చేశాను నాన్నా," అన్నారు మా ఆయన. నుదుటి నుంచి కారేది కంట్లో పడుతోంది. "తనకోసం చేశాను. అసలుదానికి రెక్క వదులైంది, షూటింగులో ఎక్కడ ఊడుతుందోనని ఈ వారం దీన్ని పెట్టాను. అసలుది పైన మా గదిలో ఉంది."

"నకలా?"

"ఒక్కటే."

"చూసి చేసిన నకలు కాదిది. నా గోరు గీసుకున్న గీత కూడా ఉంది ముక్కు కింద. అచ్చు పోస్తేనే అలా వస్తుంది." మామయ్య ఆ ముక్కని ఆయన ముందుకి చాపారు. "అచ్చు ఎక్కడిదిరా నీకు?"

మా ఆయన వంటింటి వైపు చూశారు.

"నేనిచ్చాను."

అత్తయ్య. వంటింటి గుమ్మంలో, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ. ఎప్పటినుంచి ఉందో అక్కడ.

"పిచ్చుకకేనా?" అన్నారు మామయ్య.

"అన్నిటికీ ఉన్నాయి. డబ్బాలో ఉన్న ఇరవై మూడింటికీ. మీరు పగలగొట్టే ముందు రోజు, మీరు పైన కథ రాసుకుంటుంటే అచ్చు తీసేదాన్ని. పిచ్చుకకీ ఏదో ఒకరోజు ఆ గతి తప్పదని ముందే తీసి ఉంచాను. అటక మీద పాత దుప్పట్ల కింద పెట్టాను."

"ఎందుకే?"

"చంపేది మీరు," అంది అత్తయ్య. "ఊడ్చేది నేను."

మామయ్య కూచోవడానికి కుర్చీ వెతుక్కున్నారు. అది విరిగిపోయి ఉంది. నేల మీదే కూలబడ్డారు, ఉల్కల మధ్య.

"అంటే ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ చావలేదన్నమాట."

బావగారు నవ్వారు. పెదవి చిట్లి, పళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. "చూశారా నాన్నా? మీరూ నా లాంటివారే. మీ చావులన్నీ అటక మీద భద్రంగా ఉన్నాయి."

రెండు వారాల్లో మొదటిసారి ఆయన నాతో కాకుండా తండ్రితోనే మాట్లాడారు. నా ఉద్యోగం పోయింది. సంతోషించే ఓపిక లేకపోయింది.

"నాకు తెలియదురా," అన్నారు మామయ్య. "అదే తేడా. మళ్ళీ రాదనుకుని కొట్టాను ప్రతిసారీ. చెయ్యి వణికేది. ఆ వణుకే తెర మీద కనపడింది జనానికి. నీకు ముందే తెలుసు అందరూ తిరిగొస్తారని. నీ సీన్లలో ఒక్కరి చెయ్యైనా వణికిందా?"

"నన్ను చంపిన రోజు?" అంది అక్క. "ఆ రోజు వణికిందా మామయ్యా?"

"నాలుగు రోజులు పెన్ను పట్టుకోలేకపోయానమ్మా."

అక్క కింది మెట్టు మీద కూచుంది. పగిలిన సీసాలోంచి నీలిరంగు చుక్క చుక్కగా కారుతోంది.

"పదేళ్ళు బజారులో నన్ను గుర్తుపట్టినవాళ్ళు ఏడ్చేవాళ్ళు," అంది. "కూరగాయల సంచీ కింద పెట్టి మరీ నా చెయ్యి పట్టుకునేవాళ్ళు. బతికొచ్చాక, ఈ రెండు వారాలు, ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నారు."

"నీకోసమే కదా బతికించాను!" బావగారు అరిచారు. "పదేళ్ళు వేషం లేకుండా నువ్వు ఎలా ఉన్నావో చూసింది నేను!"

"కొత్త వేషం రాసి ఉండచ్చుగా?"

బావగారు చేతికందిన రంగు సీసా తీసి గోడకేసి కొట్టారు. 'చచ్చినవాళ్ళు' అన్న మాట మీద పడింది. ఎరుపు అక్షరాల మీదుగా కిందికి జారింది.

ఆ చప్పుడుకి అత్తయ్య ఉలిక్కిపడలేదు. చీపురు కోసం గుమ్మం వెనక చెయ్యి పెట్టింది, అలవాటు కొద్దీ. మళ్ళీ తీసేసింది.

"నేను ఊడవను," అంది. "ఇలాగే ఉంచండి. రేపు అటక మీంచి అచ్చులన్నీ దింపుతాను. నా చేతుల్తో నేనే పగలగొడతాను. ఒక్కటి మిగిల్చినా నా మీద ఒట్టు."

మామయ్య ఆవిడ వైపు చూసిన చూపు ఇప్పుడు రాయలేను. వాళ్ళిద్దరి చూపు అది.

"పదింటికి వస్తున్నారుగా ఛానల్ వాళ్ళు?" అన్నారు, మోకాలు పట్టుకుని లేస్తూ. "రానీ. వాళ్ళ ముందే కెమెరా పెడదాం. ముందు అచ్చులు, మీ అమ్మ చేత్తో. ఆ తర్వాత అసలు పిచ్చుక. అది పోయాక ఏం కథ చెప్పుకుంటామో, అది చెప్పడానికి వాళ్ళు మూడేళ్ళిస్తే సంతకం పెడదాం. లేకపోతే లేదు. కొట్టేది అమ్మాయి."

"నేనా?" అన్నాను.

"మానేసింది నువ్వేగా. నీ చెయ్యి వణికిందంటే మళ్ళీ చూడటం మొదలుపెట్టావన్నమాట."

అసలు పిచ్చుక మా మంచం పక్క కిటికీలో ఉంది. పొద్దున ఎండ దాని రెక్క మీద పడితే గోడ మీద చిన్న నీడ వస్తుంది. ఈ వారమంతా అది నా నకలే అనుకుని ఆ నీడని చూపించి ఆయన్ని లేపాను. మా ఆయన నా వైపు చూస్తున్నారు, అబద్ధం చెప్పిన పెళ్ళాం వైపో, రేపు సుత్తి పట్టబోయే మనిషి వైపో. ఆ నవ్వు పోయింది.

"నువ్వు వద్దంటే కొట్టను," అన్నాను. అందరిముందూ 'నువ్వు' అనేశాను.

ఆయన జవాబు చెప్పేలోపు బావగారు బల్ల దగ్గరికొచ్చారు. ముక్కలన్నీ మోచేత్తో ఒక్క తోపు తోశారు. ఖాళీ చేసిన చోట కుడి అరచెయ్యి బోర్లా పరిచారు. నా పంటి గాటు పడ్డ చోట చొక్కా చెయ్యి ఎర్రగా ఉంది.

"అలాగే," అన్నారు నా కళ్ళలోకి చూస్తూ. "రేపు పదింటికి పిచ్చుక ఇక్కడుంటుంది. దాని మీద నా చెయ్యి ఉంటుంది. కొట్టు."

"అన్నయ్యా, తియ్యి!"

"తియ్యను. రేపూ తియ్యను."

మామయ్య సుత్తి తిప్పి పట్టుకుని, పిడిని నా చేతికిచ్చారు. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. చర్మం ఊడిన వేలు పిడికి అంటుకుంది.

"రేపు పదింటికి," అన్నారు. "ఒకే టేక్."